జర్నల్‌లో పరిశోధన పేపరు అచ్చయితేనే పీహెచ్‌డీ థీసిస్ తీసుకుంటామనడం న్యాయమేనా?

శేషాచలం:
2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించే ముందు జర్నల్‌లో ఒక పేపరైనా రావాలి, సదస్సుల్లో రెండు పత్రాలు చదవాలి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనల్లో ఈ షరతు లేదు. అయినా మా శాఖలో ఇప్పటికీ రెండు పేపర్లు అడుగుతున్నారు.

నా పని ఎర్రచందనం మొలకల మీద. ఆ కాయ చుట్టూ పల్చటి రెక్క, నడుమ గట్టి పెంకు, లోపల ఒకటో రెండో గింజలు. ఎంత నానబెట్టినా మొలకెత్తేవి తక్కువ. మొదటి ఏడాది అడవిలోకి వెళ్లే అనుమతి చేతికందేసరికి చెట్ల కింద కాయలన్నీ రాలిపోయి ఉన్నాయి. మళ్లీ కాయ కోసం ఏడాది ఆగాను. పేపరు పంపి పదకొండు నెలలైంది, సమీక్ష ఇంకా రాలేదు. ఫెలోషిప్పేమో అయిదేళ్లే. ఎక్కడో ఉన్న సంపాదకుడి తీరిక మీద నా థీసిస్ తేదీ ఆధారపడటం ఏం న్యాయం?

గాదంకి దారి:
మీ కష్టం అర్థమైంది, కానీ షరతు తీసేయమంటే ఒప్పుకోలేను. థీసిస్‌ను గైడుతో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. వాళ్ల పేర్లు చాలాచోట్ల గైడే సూచిస్తారు. మనల్ని ఎరగని మనిషి మన పని చూసేది జర్నల్‌లోనే.

నేను తిరుపతి దగ్గర గాదంకిలో పై గాలుల కదలికను కొలిచే ఎంఎస్‌టీ రాడార్ డేటాతో పనిచేస్తాను. చుట్టూ ఉన్న కొండల నుంచి తిరిగొచ్చే సంకేతాన్ని గాలి సంకేతమనుకుని లెక్కగట్టాను. గైడు, నేను నెలల తరబడి చూసిన గ్రాఫే అది. ఇద్దరికీ కనబడలేదు. పేరు కూడా తెలియని సమీక్షకుడు మూడు వాక్యాల్లో పట్టుకున్నారు. ఆ సమీక్ష లేకపోతే అదే తప్పు నా థీసిస్‌లో ఒక అధ్యాయమై కూర్చునేది.

శేషాచలం:
అన్నా, మీ రాడార్ 1990ల నుంచి కొలుస్తోంది. మీరు చేరేనాటికే ఏళ్ల తరబడి డేటా పోగై ఉంది. నా మొక్కలకు ఇప్పుడిప్పుడే ఆకులు వేస్తున్నాయి. ఇద్దరికీ ఒకే గడువు, ఒకే లెక్క పెడితే నాలాంటివాళ్లు ఎదగడానికి ఏళ్లు పట్టే చెట్టును వదిలేసి, మూడు వారాల్లో ఫలితమిచ్చే పెసర గింజను ఎంచుకుంటారు. శేషాచలం కొండల చెట్టును ఇక్కడివాళ్లే చదవకపోతే ఇంకెవరు చదువుతారు?

స్వర్ణముఖి:
ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటుంది. షరతు ఉన్నచోట అంగడి కూడా ఉంది. ‘డబ్బు కడితే రెండు వారాల్లో ప్రచురణ, ధ్రువపత్రంతో సహా’ అంటూ నా ఫోనుకు సందేశాలు వస్తూనే ఉంటాయి. ఇలాంటి జర్నళ్లను వడకట్టడానికే యూజీసీ 2019లో నమ్మదగిన జర్నళ్ల పేర్లతో కేర్ జాబితా తెచ్చింది, 2025లో దాన్నీ నిలిపేసింది.

నాకు ఫెలోషిప్ లేదు. పగలు కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం ల్యాబుకు వస్తాను. మా జూనియర్ ఒకరోజు మెట్ల మీద కూర్చుని, ‘అక్కా, నాన్న అప్పు తెస్తానంటున్నారు, కట్టేయమంటావా?’ అని అడిగింది. ఆ పిల్ల పని నిజమైన పని. వద్దని చెప్పాను. కానీ, ‘మరి ఎన్నాళ్లు ఆగను?’ అంటే నా దగ్గర జవాబు లేకపోయింది.

గాదంకి దారి:
అప్పు సంగతి చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను. అచ్చు కావాలనడం మానేద్దాం. మంచి జర్నల్‌కు పంపినట్టు ఆధారం, వచ్చిన సమీక్షలు, వాటికి మనమిచ్చిన జవాబులు థీసిస్‌తో జతచేస్తే చాలు. ఆరు నెలలకూ సమీక్ష రాకపోతే, గైడు సూచించని ఇద్దరు నిపుణులకు శాఖే పంపించాలి. బయటి కన్ను మాత్రం పడి తీరాలి.

శేషాచలం:
దీనికి నేను ఒప్పుకుంటాను అన్నా. అయితే నోటిమాటగా కాదు, శాఖ ఉత్తర్వులో రాసి ఉండాలి. మా సీనియర్‌కు ఒక పేపరుతో సరిపెడతామని గైడు మాట ఇచ్చారు. ఆయన పదవీ విరమణ చేసిన నెలలోనే ఫైలు వెనక్కి వచ్చింది.