సమస్య: "పిల్లి చదివి ఫైలునెల్ల జూపె"

నిర్వాహకులు, నల్లగొండ: ఆటవెలది నాలుగో పాదం. యతి స్థానంలో ప్రాసయతి, అంటే రెండో అక్షరాల పోలిక, పడింది (పిల్లి – నెల్ల). పిల్లి అంటే ఇక్కడ యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఫైళ్ళను చదివి చూపే క్యాట్ ఆదేశం. పేరు ఎట్ల పుట్టిందో, పని ఎట్ల జరుగుతదో పూరణలో కనబడాలె.

దేవరకొండ:
గొలుసు కట్టు మాట కోసిన ముక్కయే
మూడు వర్ణములుగ ముద్రపడియె
పేరు జూచి మీరు వెరగందవలదండి
పిల్లి చదివి ఫైలునెల్ల జూపె

నల్లగొండ: మంచిగుంది. కాన్‌కాటినేట్ (వరుసగా కలపడం) అనే మాటలోంచే క్యాట్ వచ్చింది; దాని మూలమైన లాటిన్ 'కటేనా' అంటే గొలుసే. ముక్క చేయడానికి కారణం ఉంది: అప్పట్లో కంప్యూటర్‌కు ఆదేశాలు కొట్టే, జవాబు కాగితం మీద అచ్చువేసే టెలిటైప్ మోడల్ 33 యంత్రం సెకనుకు 10 అక్షరాలే కొట్టేది. ఎల్‌ఎస్, సీపీ, ఎంవీ (ఫైళ్ళ జాబితా, నకలు, తరలింపు ఆదేశాలు) కూడా ఆ కాలపు పొదుపే.

ఒక లోపం చెప్పాలె. ఫైళ్ళను వరుసగా అతకడం అసలు పని, అది పద్యంలో రాలేదు. 'అ', 'ఆ' అనే రెండు ఫైళ్ళను అతికేటప్పుడు "క్యాట్ అ ఆ > అ" అని కొడితే 'అ' ఫైలులో ఉన్నదంతా పోతది. ఆ బాణం గుర్తు ఫలితాన్ని ఫైలులోకి పంపమంటది; క్యాట్ మొదలుకాకముందే షెల్ (మనం కొట్టిన ఆదేశాన్ని నడిపే ప్రోగ్రాం) ఆ ఫైలును ఖాళీ చేస్తది కాబట్టి. కొత్త పేరుకు పంపాలె, లేదా 'ఆ'ను మాత్రమే >> తో 'అ' చివర చేర్చాలె.

పాలమూరు:
ఫైలు పేరు లేక పలుకక యుండును
మీరు కొట్టు పంక్తి మీకె చూపు
పేరు చెప్పగానె వెనుదీయకప్పుడే
పిల్లి చదివి ఫైలునెల్ల జూపె

దేవరకొండ: అన్నా, రెండో పాదం బంగారం. కొత్తవాళ్ళు ఇక్కడే కంప్యూటర్ ఆగిపోయిందనుకుంటరు. పేరు ఇవ్వకుంటే క్యాట్ కీబోర్డునే చదువుతది. ఎంటర్ కొట్టేదాకా టెర్మినల్ (ఆదేశాలు కొట్టే తెర) పంక్తిని దానికి అందించదు. అందుకే 'పంక్తి' అన్న మాట సరిగ్గా కుదిరింది. కొత్త పంక్తి మొదట్లో కంట్రోల్ డి నొక్కితే ముగుస్తది.

సూర్యాపేట:
పెద్ద ఫైలు తెరువ గబగబ జారును
లెస్సు తోడ నిలిపి లెస్స చదువు
చిట్టి ఫైలుకైతె చింతేల మీకింక
పిల్లి చదివి ఫైలునెల్ల జూపె

పాలమూరు: తమ్మీ, మొదటి పాదంలో యతి తప్పింది, 'పె'కు 'గ' మైత్రి లేదు. "పెద్ద ఫైలు తెరువ వెనువెంట జారును" అంటే గణాలు, యతి రెండూ నిలుస్తయి. రెండో పాదాన్ని మాత్రం ముట్టొద్దు. పేజీ పేజీగా చూపే మోర్ 1978లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పుట్టింది, మొదట్లో వెనక్కి జరగలేకపోయేది. వెనక్కీ పోగల లెస్‌ను మార్క్ నూడెల్‌మన్ 1980లలో రాసి, మోర్ పేరుకు ఎదురుగా ఆ పేరు పెట్టిండు. ఫైలంతా చదవకముందే మొదటి పేజీ చూపుతది, కాబట్టి ప్రోగ్రాంలు తమ పనిని రాసిపెట్టే పెద్ద లాగ్‌లకు అదే వాడాలె.

నల్లగొండ: సవరణతో సూర్యాపేట పూరణను స్వీకరించినం. వచ్చే సమస్య గ్రెప్ (ఫైలులో మాటలు వెతికే ఆదేశం) మీద. ఈడీ అనే పాత యూనిక్స్ ఎడిటర్‌లో ఫైలంతా వెతికి, నమూనాకు సరిపోయిన పంక్తులు అచ్చువేయించే జి/ఆర్‌ఈ/పి ఆదేశమే దాని పేరైంది.