యంత్రం బద్ధకంగా కదిలినప్పుడు పడిన పిన్ను లెక్కేనా?

బరంపురం కుర్రాడు:
మొన్న సెలవుల్లో మా బావా నేనూ విశాఖ వెళ్లి ఓ మాల్‌లో టెన్‌పిన్ బౌలింగ్ ఆడాం, అదే, బంతి దొర్లించి పది పిన్నుల్ని పడేసే ఆట. ఓడినవాడు రెండు కిలోల బరంపురం అప్పడాలు కొనాలని పందెం. ఆఖరి ఫ్రేమ్‌లో, అంటే ఆఖరి వంతులో, బావ బంతికి తొమ్మిది పడ్డాయి, కుడి మూలన పదోది నిలబడే ఉంది. వెంటనే పిన్నులు నిలబెట్టే యంత్రంలోని టేబుల్ దిగి దాన్ని ఎత్తుకోవాలి కదా. ఆ యంత్రం కునుకు తీసింది. ఈలోగా ఎడమ గోడకు కొట్టుకున్న పిన్ను ఒకటి తీరిగ్గా దొర్లుకుంటూ వచ్చి దాన్ని పడేసింది. ఒకే బంతికి పదీ పడ్డట్టు, స్ట్రైక్! పైగా దానికి రెండు బంతులు అదనం. ఇది ఆటా, లాటరీనా?

పర్లాకిమిడి మాస్టారు:
ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నదట. పిన్ను తగిలి పిన్ను పడితే లెక్కే బాబూ. అది పక్క గోడకో, వెనక కుషన్‌కో కొట్టుకుని తిరిగొచ్చినా సరే. పడ్డ పిన్నుల్ని ఊడ్చే స్వీప్ బార్ ముందుకు దిగి కదలకుండా ఆగినప్పుడు, దానికి తగిలి వెనక్కొచ్చినా సరే. అమెరికాలో ఈ ఆటను నడిపే యునైటెడ్ స్టేట్స్ బౌలింగ్ కాంగ్రెస్ నియమం అదే. యంత్రం తగిలి పడితేనే చెల్లదు.

బరంపురం కుర్రాడు:
మద్దెల నిజంగానే ఓడైతేనో? చురుకైన యంత్రమైతే ఆ పిన్నుకు అంత టైమ్ దొరికేదే కాదు.

పర్లాకిమిడి మాస్టారు:
టైమ్ దొరికింది, ఒప్పుకుంటాను. కానీ పిన్ను ఎత్తు 15 అంగుళాలు, పక్కపక్క పిన్నుల మధ్య దూరం 12. అడ్డంగా పడి దొర్లేది పక్కదాన్ని అందుకుంటే వింతేముంది? 1950లలో యంత్రాలు వ్యాపించక ముందు పిన్నులు నిలబెట్టింది కుర్రాళ్లే. వాళ్లలో బద్ధకస్తులు ఉండరా?

రాయగడ రాజు:
మాస్టారూ, నా అనుమానం వేరు. స్కోరు వేసే కెమెరాకు ఏది నిలబడిందో తెలుస్తుంది గానీ, ఎలా పడిందో తెలియదు. టేబుల్ తగిలి పడినా స్క్రీన్ మీద స్ట్రైకే. అలా జరిగితే స్కోరు దిద్దించి, ఆ పిన్నును మళ్లీ నిలబెట్టించాలి. తమ్ముడూ, కళ్లారా చూశావా? ఇద్దరూ ఒకే లేన్ (బంతి దొర్లే బాట) మీద ఆడారా? పోటీల్లో రెండు లేన్ల మీద ఫ్రేముకోసారి మారుతూ ఆడతారు, బద్ధకపు యంత్రం ఇద్దరికీ తగులుతుంది.

బరంపురం కుర్రాడు:
చూశానండీ. పిన్నే తగిలింది. లేన్ కూడా ఒకటే. నా బంతులకు మాత్రం ఒక్క పిన్నూ దొర్లి రాలేదు, అదే కడుపుమంట. సరే, అప్పడాలు కొనిచ్చాను.

బావ:
రెండు కిలోలని పందెం. వచ్చింది కిలోయే. మిగతా కిలో ఏ యంత్రంలో ఇరుక్కుంది బావమరిదీ?