స్టైల్ పెట్టగానే ఇటాలిక్స్ మాయమవుతున్నాయి

పుటకర్త:
రచయిత చేత్తో అలంకరించి ఇచ్చిన 212 పేజీల ఫైలుకు పుటలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో పేరాగ్రాఫ్ స్టైల్ (పేరా మొత్తానికీ ఒకే రూపమిచ్చే అమరిక) పెట్టాను. స్టైల్ పేరు పక్కన ప్లస్ గుర్తు మిగిలింది, అంటే చేత్తో చేసిన మార్పులు ఇంకా ఉన్నాయన్నమాట. ఆల్ట్ మీట నొక్కిపట్టి పేరు మీద నొక్కితే ప్లస్ పోయింది, దానితోపాటు ఇటాలిక్స్ (వాలు అక్షరాలు) అన్నీ పోయాయి. ఫుట్‌నోట్ల స్టైల్ గురించి కూడా చెప్పగలరు.

రెండోచూపు:
ముందు ఇటాలిక్స్‌ను కాపాడుకోవాలి. ఫైండ్/చేంజ్‌లో అక్షరాలేమీ టైపు చేయకుండా, ఫైండ్ ఫార్మాట్‌లో ఇటాలిక్‌ను మాత్రమే ఎంచుకుని, చేంజ్ ఫార్మాట్‌లో ఒక క్యారెక్టర్ స్టైల్ (పేరాలో ఎంచుకున్న అక్షరాలకే వర్తించే స్టైల్) ఇచ్చి, ఆ తరువాతే ఆల్ట్ నొక్కండి. ఆ స్టైల్‌లో ఇటాలిక్ తప్ప ఫాంటు పేరుగానీ సైజుగానీ ఉండకూడదు.

ఒత్తులపక్షం:
నా బాధ వేరు. ఓవర్‌రైడ్లు (స్టైల్ మీద చేత్తో చేసిన మార్పులు) తీసేసిన మరుక్షణం తెలుగు ఒత్తులు విడిపోయాయి, ఎందుకంటే తెలుగు వంటి లిపులను సరిగ్గా కూర్చే వరల్డ్ రెడీ కంపోజర్‌ను పేరాలకు చేత్తో పెట్టానే గాని స్టైల్‌లో పెట్టలేదు. స్టైల్‌లోని జస్టిఫికేషన్ విభాగంలో దానిని ఎంచుకున్నాకే పని మొదలుపెట్టండి.

అచ్చుమిత్ర:
ఇరవై ఏళ్లుగా పుస్తకాలు కూరుస్తున్నాను. ఈ తంటాలన్నీ అనవసరం. పాఠాన్ని ఏ అలంకరణా లేని ప్లెయిన్ టెక్స్ట్‌గా మార్చి మళ్లీ పోయండి, శుభ్రంగా ఉంటుంది.

రెండోచూపు:
శుభ్రంగానే ఉంటుంది, రచయిత నొక్కి చెప్పిన మాటలు మాత్రం ఉండవు! రసాయన పాఠంలో నీటి సంకేతంలోని 2 కిందికి దిగకుండా వరుసలో నిలబడితే దానిని మళ్లీ ఎవరు దిద్దుతారు?

అచ్చుమిత్ర:
మూలప్రతి పక్కన పెట్టుకుని నేనే దిద్దుతాను. అనుభవం లేనివారు యంత్రాన్ని నమ్ముతారు.

రెండోచూపు:
212 పేజీలను కంటితో పోల్చడం అనుభవం కాదండీ, పాఠానికి చేసే అపచారం. ఒక్క మాట జారినా రచయితకు మనం జవాబుదారులం.

పదశాల:
వర్డ్‌లో పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. పేరాలో సగానికి మించి ఇటాలిక్ ఉంటే, స్టైల్ పెట్టినప్పుడు వర్డ్ దానిని తీసేస్తుంది. సగంలోపు ఉంటే ఉంచుతుంది. అందుకే పొడవైన ఉల్లేఖనాలు మామూలు అక్షరాలుగా మారిపోతాయి.

పుటకర్త:
రెండోచూపు గారు చెప్పినట్లు ఒక అధ్యాయం చేశాను. ఇటాలిక్స్ నిలిచాయి, ఒత్తులూ కుదురుగా ఉన్నాయి. కాని బోల్డ్ ఇటాలిక్‌లో ఉన్న ఉపశీర్షికల అలంకరణ పోయింది.

రెండోచూపు:
బోల్డ్ ఇటాలిక్‌ను సాఫ్ట్‌వేర్ వేరే ఫాంట్ స్టైల్‌గా లెక్కిస్తుంది కనుక దానిని విడిగా వెతికి, దానికి వేరే క్యారెక్టర్ స్టైల్ ఇవ్వాలి. ఆల్ట్‌తోపాటు షిఫ్ట్ మాత్రం నొక్కకండి, ఇప్పుడు పెట్టిన క్యారెక్టర్ స్టైళ్లు కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

పుటకర్త:
అలాగే చేస్తాను. ఫుట్‌నోట్ల సంగతి ఎవరూ చెప్పలేదు, తెలిసినవారు దయచేసి రాయండి.