ఫాల్అవుట్ 5లో మినిట్‌మెన్ ఉంటారా? జనరల్ లేకపోతే వీళ్ళ గతేటి?

ఉద్దానం జనరల్:

ఫాల్అవుట్ అంటే అణుయుద్ధం తర్వాతి అమెరికాలో నడిచే వీడియో గేమ్ సిరీస్. ఐదో గేమ్ ఎప్పుడొస్తుందని అడగడం లేదు, ఆ ఆశ వదిలేసి చాన్నాళ్ళయింది. వాళ్ళ ఇంకో గేమ్ ఎల్డర్ స్క్రోల్స్ 6 అయ్యాకే ఫాల్అవుట్ 5 అని, వీటిని తీసే బెథెస్డా కంపెనీ డైరెక్టర్ టాడ్ హోవార్డ్ 2022లోనే చెప్పేశాడు. ఆ ఎల్డర్ స్క్రోల్స్ 6 టీజర్ చూపించింది 2018 జూన్‌లో. అప్పటికి నాకు పెళ్ళే కాలేదు. ఇప్పుడు మా పాప పక్కన కూర్చుని గేమ్‌లోని కుక్క డాగ్‌మీట్‌కి బిస్కెట్ పెట్టమని గొడవ చేస్తోంది.

నా డౌటు మినిట్‌మెన్ గురించి, అంటే ఫాల్అవుట్ 4లో బోస్టన్ చుట్టుపక్కల ఊళ్ళని కాపాడే వాలంటీర్ల దళం. ఫాల్అవుట్ 4 మూడోసారి ఆడుతున్నాను, సర్వైవల్ మోడ్‌లో. అందులో మంచం ఎక్కి పడుకుంటేనే సేవ్ అవుతుంది. మా వైపు కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి అదెంత తెగింపో చెప్పక్కర్లేదు. మొన్న గేమ్‌లో క్విన్సీ అనే ఊరి నుంచి ప్రాణాలు అరచేత పట్టుకుని వస్తున్నాను. వార్విక్ వాళ్ళ ఇల్లు కనిపిస్తోంది, ఇంకో నిమిషంలో మంచం. కరెంటు పోయింది. రెండు గంటల ఆట గంగలో కలిసింది. ఆ చీకట్లో, దోమలు కొట్టుకుంటూ కూర్చున్నప్పుడు వచ్చిన ఆలోచన ఇది.

కాంకర్డ్‌లో మినిట్‌మెన్ మనిషి ప్రెస్టన్ గార్వీ మొదటిసారి కలిసినప్పుడు ఏం చెప్తాడు? నెల కిందట ఇరవై మందిమి, నిన్న ఎనిమిది, ఇవాళ ఐదుగురం అంటాడు. డెత్‌క్లాలు, సూపర్ మ్యూటెంట్లు లాంటి రాక్షసులు వచ్చి తినేస్తే ఆ గతి పట్టలేదు వాళ్ళకి. జనరల్ బెకర్ పోయాక, తర్వాత పెద్ద ఎవరు అన్న దగ్గర తగువులు పడి ఎవరి దారిన వాళ్ళు పోయారు. క్విన్సీ మీదికి గన్నర్లనే కిరాయి సైనికులను తోలుకొచ్చిన క్లింట్ కూడా ఒకప్పుడు మినిట్‌మెన్‌లో మనిషే. మనం, అంటే గేమ్ ఆడేవాళ్ళం, వెళ్ళి జనరల్ కుర్చీలో కూర్చుంటే మళ్ళీ లేచి నిలబడ్డారు. బాగానే ఉంది. మనం లేని గేమ్‌లో?

ఇక్కడ మా ఊరి సంగతొకటి చెప్పాలి, కొంచెం ఓపిక పట్టండి.

మాది సోంపేట వైపు. 2018 అక్టోబరు 11 తెల్లారగట్ల తిత్లీ మా మీద పడింది. లేచి చూస్తే తోటలో ఆకాశం ఎక్కువగా కనిపిస్తోంది. కొబ్బరి చెట్లు సగానికి విరిగినవి కొన్ని, వేళ్ళతో పైకి లేచినవి కొన్ని. జీడి తోట మొత్తం ఒకే పక్కకి దువ్వినట్టు పడిపోయింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్డు మీద ఎక్కడ చూసినా మానులే. ఆర్మీ నుంచి రిటైరై వచ్చిన మా మావ ఒకాయన ఆ పొద్దున్నే ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకుని వీధిలోకి వచ్చాడు. ఎన్ని ఇళ్ళు, ఎవరింట్లో చంటిపిల్లలున్నారు, ఎవరి దగ్గర గొడ్డలి ఉంది, డయాలసిస్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ఎవరు, అన్నీ వీధుల వారీగా రాశాడు. మా ఉద్దానంలో ఆ చివరి లిస్టు చిన్నదేం కాదని మీకు తెలుసు. అందుకే చెట్లు కొట్టడం గుడి దగ్గర మొదలెట్టలేదు, సర్పంచి ఇంటి దగ్గరా మొదలెట్టలేదు. ఒక పేషెంటు ఇంటి నుంచి మెయిన్ రోడ్డు దాకా ముందు దారి చేయించాడు.

తర్వాత ట్రాక్టర్ మీద జనరేటర్ అద్దెకు తెచ్చి, వీధికో గంట చొప్పున బోర్లు ఆడించి నీళ్ళు పట్టించాం. ఇంటికి యాభై రూపాయలు, డీజిల్ కోసం. అవి కూడా బుక్కులో రాసేవాడు. పది రోజులు అలాగే నడిచింది. నిజం చెప్తున్నా, ఆ పది రోజులు మేమే మినిట్‌మెన్‌. 

తర్వాత మావ వైజాగ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. 2021 సెప్టెంబరులో గులాబ్ కళింగపట్నం వైపు వస్తోందని వార్త రాగానే మా ‘తుఫాను సాయం’ వాట్సాప్ గ్రూపు తెరిచాను. ఆఖరి మెసేజి గులాబీ పువ్వు, కింద గుడ్ మార్నింగ్. జనరేటర్ అతని నంబరు మారిపోయింది. గొడ్డళ్ళు ఎవరి దగ్గరున్నాయో ఒక్కడికి తెలీదు. తుఫాను మమ్మల్ని అంతగా కొట్టలేదు కాబట్టి సరిపోయింది.

అందుకని అడుగుతున్నాను. ఫాల్అవుట్ 4 కథ 2287లో. ఐదో గేమ్ ఆ తర్వాత పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో జరిగితే, బోస్టన్ నుంచి వచ్చినవాడు మినిట్‌మెన్ గురించి మనకి ఏం చెప్తాడు?

గంటస్తంభం:

విజయనగరం నుంచి. మొదటి గేమ్ 1997లో వచ్చినప్పటి నుంచి కాకపోయినా, ఫాల్అవుట్ 3 నుంచి ఆడుతున్నవాణ్ణి. బాబూ, చెప్పడానికి బాధగానే ఉంది కానీ, ఒక పాత కంప్యూటర్ టెర్మినల్‌లో నాలుగు లైన్లు పెట్టి తేల్చేస్తారు. పక్కన ఒక అస్థిపంజరం, దాని మీద మినిట్‌మెన్ టోపీ. అయిపోయింది.

ఎందుకంటున్నానంటే బెథెస్డా ఇదే పని ఒకసారి చేసింది. ఫాల్అవుట్ 3లో, అంటే 2277లో, నాయకుడు ఎల్డర్ లయన్స్ నడిపే బ్రదర్‌హుడ్, పాత టెక్నాలజీ ఏరుకునే సైనిక దళం, గుర్తుందా? టెక్నాలజీ ఏరుకోవడం పక్కనబెట్టి జనాన్ని కాపాడతానన్నందుకు సొంతవాళ్ళే కొందరు విడిపోయి అవుట్‌కాస్ట్‌లయ్యారు. అయినా మాట మార్చుకోలేదు ముసలాయన. మనం వాళ్ళతో కలిసి మంచినీళ్ళ ప్రాజెక్టు పూర్తిచేశాం. సంబరపడ్డాం. నాలుగో గేమ్‌కి వచ్చేసరికి ఆయన లేడు, కూతురు సారా కూడా లేదు. ఆ రోజుల్లో వాళ్ళ స్థావరం సిటాడెల్‌లో తిరిగే పదేళ్ళ పిల్లాడు మాక్స్‌సన్ పదహారేళ్ళకే ఎల్డర్ అయిపోయాడు, అవుట్‌కాస్ట్‌లు వెనక్కి వచ్చారు, పాత పాట మళ్ళీ మొదలు. లయన్స్ చేసిన మంచికి పదేళ్ళ ఆయుష్షు కూడా లేదు.

పైగా టీవీ సిరీస్ చూడండి. కథ 2296లో, లాస్ ఏంజెలెస్ పక్కన. మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్‌లోనే బ్రదర్‌హుడ్‌కి ఆదేశాలు కామన్‌వెల్త్‌లోని పెద్ద క్లెరిక్‌ల దగ్గర్నుంచి వచ్చాయంటారు. అంటే బోస్టన్‌లో తొమ్మిదేళ్ళ తర్వాత కూడా వాళ్ళదే నడుస్తోంది. పోస్టర్ మీద బ్రదర్‌హుడ్ ఇనుప కవచం పవర్ ఆర్మర్ వేసుకున్నవాడు నిలబడితే గేమ్ అమ్ముడుపోతుంది. చేత్తో తిప్పుకునే తుపాకీ పట్టుకున్న రైతు నిలబడితే ఎవడు కొంటాడు?

తోటపల్లి ట్రేడర్:

జనరల్ గారూ, ఇంకో సెటిల్‌మెంట్‌కి మీ సాయం కావాలి. మ్యాప్‌లో మార్క్ చేస్తాను.

(సారీ, ఆపుకోలేకపోయాను. గేమ్‌లో ప్రెస్టన్ ఆగకుండా చెప్పే మాట ఇది.)

నాగావళి:

ట్రేడర్ గారూ, ఆ జోకుకి పదేళ్ళు దాటాయి, ఇక రిటైర్ చేయండి.

గంటస్తంభం గారు చెప్పిన లయన్స్ ఉదాహరణ నాకు నచ్చింది కానీ టీవీ సిరీస్ లెక్క దగ్గర తేడా ఉంది. మినిట్‌మెన్ దారిలో గేమ్ ముగించి, బ్రదర్‌హుడ్‌తో కావాలని తగువు పెట్టుకోకపోతే వాళ్ళ గాలి ఓడ ప్రిడ్వెన్ కూలదు. సింథ్‌లనే మనిషి లాంటి రోబోలను తప్పించే రైల్‌రోడ్ వాళ్ళూ మిగులుతారు. పోయేది ఆ సింథ్‌లను చేసే ఇన్‌స్టిట్యూట్ ఒక్కటే. కాబట్టి 2296లో కామన్‌వెల్త్‌లో బ్రదర్‌హుడ్ ఉందంటే మినిట్‌మెన్ లేరని కాదు. ఆ మాట మినిట్‌మెన్ ముగింపుకీ సరిపోతుంది.

నేను యుద్ధాల జోలికి పెద్దగా పోను. ఆరు కరిష్మా పాయింట్లు పెట్టి లోకల్ లీడర్ అనే నైపుణ్యం తీసుకోవడం, ఊరి నుంచి ఊరికి సప్లై లైన్ వేయడం, అదే నా ఆట. అబర్నాథీ ఫార్మ్‌లో మూడు టాటోలు, సాంక్చురీలో మూడు మొక్కజొన్నలు, గ్రేగార్డెన్‌లో మూడు మట్‌ఫ్రూట్లు, ఒక శుద్ధ నీళ్ళ డబ్బా, అన్నీ కలిపి స్టవ్ మీద పెడితే వెజిటబుల్ స్టార్చ్. దాన్ని విరగ్గొడితే ఐదు అడెసివ్‌లు. ఇలా జిగురు కాచుకుంటూ నా గేమ్ టైమ్‌లో సగం అయిపోయింది, మా ఆయన చూసి నవ్వుతాడు. కానీ గమనించారా, ఒకసారి లైన్ వేశాక, రెండు తలల ఆవుని తోలుకుంటూ ఆ మనిషి నడుస్తూనే ఉంటాడు. జనరల్ ఎక్కడున్నాడో వాడికి అక్కర్లేదు.

ఉద్దానం జనరల్ గారూ, మీ మావయ్య సంగతి చదివితే మా అమ్మ డ్వాక్రా సంఘం గుర్తొచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది పెట్టి. మొదటి లీడరు పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇద్దరు ముగ్గురు మాట్లాడుకోరు, ఒకావిడ మీటింగుకి వస్తే ఇంకొకావిడ గుమ్మంలోనే కూర్చుంటుంది. అయినా సంఘం ఉంది! ఎందుకో తెలుసా? నెలనెలా పొదుపు కట్టాలి, తీసుకున్న అప్పు తీర్చాలి. సాయానికి కూడినవాళ్ళు పని అయ్యాక చేతులు కడుక్కుని ఇంటికి పోతారు. డబ్బులు ఇరుక్కుంటే మాత్రం ఎవరూ లేవరు.

మినిట్‌మెన్ ఎవరి దగ్గరా కాప్, అంటే గేమ్‌లో డబ్బుగా నడిచే సోడా మూత, తీసుకోరు. అదే వాళ్ళ జబ్బు. నా అంచనా, ఫాల్అవుట్ 5 నాటికి తీసుకోవడం మొదలెడతారు.

గంటస్తంభం:

అమ్మా, డబ్బులు వసూలు చేసినవాళ్ళ గతి చూశాం కదా. కాలిఫోర్నియా వైపు ప్రభుత్వం ఎన్‌సీఆర్ అంటే పన్నులు, ఎన్నికలు, సైన్యం, సొంత నోట్లు. బ్రదర్‌హుడ్ వాళ్ళు బంగారం నిల్వలు కొట్టేసరికి న్యూ వేగస్ గేమ్ నాటికి వంద డాలర్ల నోటు నలభై మూతలకి దిగింది. సోడా మూతలు! సిరీస్‌లో రాజధాని షేడీ సాండ్స్ ఉన్న చోట గొయ్యి మిగిలింది.

నాగావళి:

గొయ్యి పడింది బంకర్లు కట్టిన వాల్ట్-టెక్ కంపెనీ మనిషి బాంబు వేస్తే. లీడరు లేక పడలేదు. ఎన్‌సీఆర్‌కి టాండీ దశాబ్దాల పాటు ప్రెసిడెంటుగా చేసింది, రెండో గేమ్‌కే పండు ముసలిది. ఆవిడ పోయాక కూడా 2281లో హూవర్ డ్యామ్ మీద ఎన్‌సీఆర్ జెండానే ఎగురుతోంది, వేరే ప్రెసిడెంటు కింబల్‌తో. కింబల్ ఆవిడ గోటికి చాలడు, అది వేరే సంగతి. కుర్చీ ఉంది, అందులో ఎవరో ఒకరు కూర్చున్నారు. బెకర్ పోయాక మినిట్‌మెన్‌కి ఆ కుర్చీ లేకపోయింది.

ఇంకొకటి. బోస్టన్‌లో ఊళ్ళన్నీ కలిసి ప్రభుత్వం పెట్టుకుందామని ఒకసారి కూర్చున్నాయి. గేమ్‌లో డిటెక్టివ్ నిక్ వాలెంటైన్ చెప్తాడు, ఆ మీటింగుకి ఇన్‌స్టిట్యూట్ పంపిన సింథ్ అందరినీ చంపేసిందని. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ రికార్డులో కథ వేరేలా ఉంటుంది, ఎవరిది నిజమో మీరే తేల్చుకోండి. మన చేతుల్లో ఇన్‌స్టిట్యూట్ పోయింది కాబట్టి ఇప్పుడా మీటింగు మళ్ళీ పెట్టుకోవచ్చు. పెడితే కాపలాకి ఎవరుంటారు?

తోటపల్లి ట్రేడర్:

ఈసారి సీరియస్‌గానే. మీరు చెప్పినట్టు జరిగితే నాకు అసలు ఆట అక్కడ కనిపిస్తోంది. కొత్త గేమ్‌లో బోస్టన్ వైపు నుంచి వచ్చే రోడ్డు మీద చెక్‌పోస్టు. నీలం కోటు వేసుకున్న గుంటడు లేజర్ మస్కెట్ తుపాకీ కర్రకర్రమని తిప్పుతూ, ఆవుకి పది మూతలు, మనిషికి ఐదు అంటాడు. ఎందుకయ్యా అంటే మీ కాపలాకే అంటాడు. వాడి వెనకాల గోడ మీద ప్రెస్టన్ బొమ్మ. వాడికి ప్రెస్టన్ ఎవరో సరిగ్గా తెలీదు. వాణ్ణి కాల్చాలా, మూతలు ఇచ్చి పోవాలా? నేనైతే ఒక గంట నిలబడిపోతాను అక్కడ.

ఉద్దానం జనరల్:

ట్రేడర్, నువ్వు వెళ్ళి బెథెస్డాలో చేరు బ్రో.

గంటస్తంభం గారూ, టోపీ పెట్టిన అస్థిపంజరం మాట చదివి ఆ రాత్రి ఆట పెట్టలేదు నేను. మినిట్‌మెన్ పాత కోట వెనక్కి తెచ్చుకున్నాక రానీ షా వచ్చే సీన్ మాత్రం చూశాను. ముసలావిడ, బెకర్ పోయాక విసిగిపోయి వెళ్ళిపోయిన మనిషి. కోట మళ్ళీ మన చేతికొచ్చిందని తెలిసి తిరిగొస్తుంది. ఆయుధాల గదికి దారి ఎటో ఆవిడకే తెలుసు. ఆ గది తెరిస్తేనే ఫిరంగుల డిజైను దొరుకుతుంది. మినిట్‌మెన్ దారిలో వెళ్తే ఆ డిజైనుతోనే కావాలంటే ప్రిడ్వెన్‌ని కూల్చగలం. ఆవిడ రాకపోతే? ఆ గది అలాగే ఉండిపోయేది, మన జనరల్‌గిరీ ప్రెస్టన్ చెప్పిన ఊళ్ళకి పరిగెత్తడంతో సరి.

అది చూసి మా మావకి ఫోన్ చేశాను. మూడేళ్ళయింది మాట్లాడి. నాగావళి గారు చెప్పిన డ్వాక్రా సంగతి, మినిట్‌మెన్ సంగతి కలిపి ఏదో చెప్పబోయాను. ఆయనకి సగం అర్థం కాలేదు. బుక్కు ఉందా మావా అన్నాను. ఉందిరా, ట్రంకు పెట్టెలో డిశ్చార్జి కాగితాల కింద ఉంది అన్నాడు. జనరేటర్ అతని కొత్త నంబరు కూడా ఆయన దగ్గరుంది, పండక్కి మాట్లాడుకుంటారట ఇద్దరూ. పేజీలన్నీ ఫోటోలు తీసి పంపమన్నాను. నిన్న సాయంత్రం మనవరాలి చేత పంపించాడు, ముప్ఫై రెండు పేజీలు, కొన్ని తలకిందులుగా. గ్రూపులో పెట్టాను. గుడ్ మార్నింగ్‌లు ఆగి అందరూ తమ ఇంటి పేజీ వెతుక్కోవడం మొదలెట్టారు.

మా పేజీ కూడా దొరికింది. మా నాన్న పేరు, మనుషులు ఆరుగురు, గొడ్డలి ఒకటి, కత్తులు రెండు. డీజిల్ కాలమ్‌లో రెండో యాభై ఎదురుగా ఎర్ర పెన్నుతో చిన్న సున్నా. ఫోన్ చేసి ఇదేటి మావా అంటే, "మీ నాన్న ఇంకా ఇవ్వలేదురా" అన్నాడు.

నాగావళి:

వడ్డీతో కట్టండి.