ఇన్వర్స్ ప్రాబ్లం పేపర్‌కి కృత్రిమ డేటా సరిపోతుందా, ప్రయోగం తప్పనిసరా?

ఉష్ణవాహి
ఎర్రగా కాల్చిన లోహపు కడ్డీని నూనెలో ముంచుతాం. కడ్డీ లోపల ఒక థర్మోకపుల్, అంటే రెండు లోహపు తీగలతో ఉష్ణోగ్రత కొలిచే సాధనం, ఉంటుంది. అది చూపే రీడింగుల నుంచి, పైతలం ఏ క్షణాన ఎంత వేడి వదిలిందో వెనక్కి లెక్కగట్టాలి. ఇన్వర్స్ హీట్ కండక్షన్ అంటే ఇదే. దీనిమీద వచ్చే పేపర్లు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. ఒక హీట్ ఫ్లక్స్ (చదరపు మీటరు తలం నుంచి సెకనుకు పోయే వేడి) అనుకుంటారు, ఫ్లక్స్ నుంచి ఉష్ణోగ్రతలు కట్టే ఫార్వర్డ్ ప్రోగ్రాంతో కృత్రిమ డేటా పుట్టిస్తారు, 1 శాతం నాయిస్ (కొలతల్లో వచ్చే చిన్నచిన్న తేడాలు) కలుపుతారు, అందులోంచి ఫ్లక్స్‌ను తిరిగి రాబడతారు.

ఇలాంటి పేపర్ పంపితే రివ్యూయర్ ‘ప్రయోగం ఏది?’ అంటాడు. ప్రయోగంతో పంపితే ఇంకో రివ్యూయర్ ‘అసలు జవాబు మీకే తెలియనప్పుడు మీది సరైనదని ఎలా నమ్మాలి?’ అంటాడు. నా పక్షం ముందే చెప్తున్నాను. కొత్త పద్ధతిని ప్రతిపాదించే పేపర్‌కి కృత్రిమ డేటా చాలు. ప్రయోగం తప్పనిసరి అంటే ల్యాబ్ సరిగ్గా లేని కాలేజీలవాళ్లు ఈ రంగంలోకే రాలేరు. మీరేమంటారు?

క్వెంచ్‌బాత్
ఒప్పుకోను అండీ. ల్యాబ్ లేని ఇబ్బంది నిజమే, కానీ దానికోసం రుజువును పలచన చేయలేం. కృత్రిమ డేటాలో కనబడని తప్పులే నిజం పనిలో కొంప ముంచుతాయి.

నూనెల చల్లార్చే గుణాన్ని పరీక్షించే ఐఎస్ఓ 9950 ప్రమాణంలోని ప్రోబ్‌నే (కొలత కడ్డీనే) తీసుకోండి. ఇంకొనెల్ 600 (నికెల్ మిశ్రలోహం) కడ్డీ, 12.5 మి.మీ. వ్యాసం, 60 మి.మీ. పొడవు, నడిమధ్యలో కె-టైప్ థర్మోకపుల్. 850 డిగ్రీలకు కాల్చి ముంచుతారు. ఇంకొనెల్ ఉష్ణవాహకత గది వేడిమిలో మీటరు-కెల్విన్‌కు సుమారు 15 వాట్లు, 800 డిగ్రీల దగ్గర 27 దాకా వెళ్తుంది. దాన్ని 15 దగ్గరే పాతేసినా కృత్రిమ డేటాలో మీకు ఏ తేడా కనబడదు, డేటా పుట్టించిందీ ఆ 15తోనే కాబట్టి.

ఇక థర్మోకపుల్ ఆలస్యం. టైం కాన్‌స్టెంట్ (మార్పును అందుకోవడానికి దానికి పట్టే సమయం) 0.2 సెకను అనుకోండి, కడ్డీ సెకనుకు 50 డిగ్రీల చొప్పున చల్లారుతోందనుకోండి, రీడింగ్ ఎప్పుడూ 10 డిగ్రీలు వెనకబడే ఉంటుంది. అది నాయిస్ కాదు, ఎన్నిసార్లు సగటు తీసినా పోదు. ఎంత రెగ్యులరైజేషన్ పెట్టినా, అంటే నాయిస్‌కి చెదరకుండా జవాబును ఎంత నునుపు చేసినా, పోదు.

లోతు సంగతి మరీ ఘోరం. పైతలంలో ఉష్ణోగ్రత సెకనుకోసారి ఊగితే, 6.25 మి.మీ. లోపలికి వచ్చేసరికి ఆ ఊపులో 250వ వంతే మిగులుతుంది.

మ్యాట్రిక్స్ మాస్టారు
క్వెంచ్‌బాత్ గారూ, చిన్న సవరణ. ఆ 250వ వంతు చదును గోడకి, అదీ లోతుకి అంతులేని గోడకి వర్తించే లెక్క. కడ్డీలో చుట్టూ ఉన్న తలం నుంచి వచ్చే అలలు నడిమికి చేరి ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఉష్ణవ్యాప్తి గుణకం (వేడిలో మార్పు లోహంలో ఎంత త్వరగా పాకుతుందన్న కొలత) సెకనుకు 4 చదరపు మి.మీ. అనుకుని, గుండ్రని కడ్డీల లెక్కలకు వాడే బెస్సెల్ ఫంక్షన్‌తో కడితే మిగిలేది సుమారు 36వ వంతు. ఏడు రెట్ల తేడా. పేపర్లో ఈ ఒక్కటి తప్పు పోతే నిర్ధారణ మొత్తం తలకిందులవుతుంది.

అయినా మీ వాదన నిలుస్తుంది. ఊపు పావు సెకనుకోసారి అయితే మిగిలేది సుమారు 6,500వ వంతు. పైన 100 డిగ్రీలు ఊగినా నడిమిలో 0.015 డిగ్రీ. కె-టైప్‌లో మేలైన క్లాస్ 1 తీగకే అనుమతించిన తేడా ప్లస్ ఆర్ మైనస్ 1.5 డిగ్రీలు, లేదా రీడింగ్‌లో 0.4 శాతం, ఏది ఎక్కువైతే అది. అంటే ఆ సమాచారం నడిమికి చేరనే లేదు. చేరని దాన్ని ఏ అల్గారిథమూ పుట్టించలేదు. సమస్య సవ్యంగా ఉందనడానికి గణితవేత్త హడమార్డ్ పేరుతో చెప్పుకునే మూడు షరతుల్లో మూడోది, డేటా కొంచెం కదిలితే జవాబూ కొంచెమే కదలాలన్నది, ఇక్కడ విరిగిపోతుంది.

ఈ విషయం తేల్చింది ప్రయోగం కాదు, లెక్క. కృత్రిమ అధ్యయనం అసలు విలువ ఇదే. అయితే దాన్ని నిజాయితీగా చేయాలి. డేటా పుట్టించిన గ్రిడ్ (లెక్క కోసం కడ్డీని విడగొట్టే గళ్లు) మీదే, అదే సాల్వర్‌తో తిరగేయడాన్ని, అంటే ఉష్ణోగ్రతల నుంచి ఫ్లక్స్ రాబట్టడాన్ని, గణితవేత్తలు కోల్టన్, క్రెస్ ‘ఇన్వర్స్ క్రైమ్’ అన్నారు. దాని నుంచి బయటపడాలంటే డేటాను కనీసం నాలుగు రెట్లు సన్నని గ్రిడ్ మీద, వీలైతే వేరే పద్ధతిలో పుట్టించండి. తిరగేసేటప్పుడు వాహకతను 5 శాతం, థర్మోకపుల్ స్థానాన్ని 0.3 మి.మీ. కావాలని తప్పుగా ఇచ్చి చూడండి. 1 శాతం నాయిస్ అని రాసి ఊరుకోకండి, దేనిలో 1 శాతం? 850 దగ్గర 8.5 డిగ్రీలు, 50 దగ్గర అర డిగ్రీ. నిజం పరికరం అలా ప్రవర్తించదు.

వీటన్నిటికంటే పెద్ద దోషం ఇంకొకటి ఉంది. అసలు ఫ్లక్స్‌తో పోల్చి, తేడా ఎక్కడ అతి తక్కువో అక్కడ రెగ్యులరైజేషన్ పారామీటర్‌ను, అంటే ఎంత నునుపు చేయాలన్న అంకెను, ఖాయం చేయడం. పరీక్షలో జవాబుపత్రం చూసి రాయడమే ఇది. ఎల్-కర్వ్ వాడండి, మొరొజోవ్ సూత్రం (మోడల్‌కీ డేటాకీ తేడా నాయిస్ అంతే ఉండాలన్నది) వాడండి, క్రాస్ వాలిడేషన్ వాడండి, ఏదైనా సరే, డేటా ఒక్కటే చూసి ఎంచాలి.

నేలపొరలు
జియోఫిజిక్స్ వైపు నుంచి ఒక మాట. మేం చేసేదీ ఇన్వర్స్ ప్రాబ్లమే, మాకు ప్రయోగం అంటే బోరు వేయడం.

ఎలక్ట్రికల్ సౌండింగ్‌లో, అంటే నేలలోకి కరెంటు పంపి పొరలను అంచనా వేయడంలో, కరెంటును బాగా అడ్డుకునే రెండు పొరల మధ్య పలచని వాహక పొర ఉంటే, నేల మీది కొలతలు దాని మందాన్ని రెసిస్టివిటీతో (కరెంటును అడ్డుకునే గుణంతో) భాగించిన విలువనే నిలకడగా ఇస్తాయి. పైన 10 మీటర్ల పొర, కింద రాయి ఉన్నాయనుకోండి. నడుమ 4 మీటర్లు, 20 ఓమ్-మీటర్ల పొర ఉన్నా, 6 మీటర్లు, 30 ఓమ్-మీటర్ల పొర ఉన్నా భాగహారం 0.2 సీమెన్సే. రెండు మోడళ్ల కర్వులూ దాదాపు ఒకటే. మొదటిది బంకమట్టి అనిపిస్తుంది, రెండోది నీళ్లున్న మెత్తరాయి అనిపిస్తుంది. రైతుకి ఈ రెంటికీ ఎంత తేడానో తెలంగాణలో బోర్లు వేయించిన ఎవరినడిగినా చెప్తారు.

అందుకే ‘మా మోడల్ డేటాకి సరిగ్గా కుదిరింది’ అన్న మాటను నేను రుజువుగా తీసుకోను. రెండోదీ అంతే సరిగ్గా కుదురుతుంది. కుదిరే మోడళ్ల శ్రేణి మొత్తం చూపించాలి.

ఉష్ణవాహి
మాస్టారూ, ఇన్వర్స్ క్రైమ్ విషయంలో మీ మాట పూర్తిగా ఒప్పుకుంటున్నా. నేను ‘చాలు’ అన్నది అలాంటి పేపర్ల గురించి కాదు. అయితే ప్రయోగం ఉన్న పేపర్లు ఏం నిరూపిస్తున్నాయో కూడా చూడండి. చాలామంది ఎనర్జీ బ్యాలెన్స్ చూపించి ‘వాలిడేట్ అయింది’ అంటారు. ఆ ఇంకొనెల్ ప్రోబ్ సుమారు 62 గ్రాములు. 850 నుంచి 50కి దిగితే సుమారు 26 కిలోజౌళ్లు వదలాలి. రాబట్టిన ఫ్లక్స్‌ను కాలం మీద, తలం మీద కూడితే అంతే వస్తుంది, చూడండి అంటారు.

రాకేం చేస్తుంది? నడిమి ఉష్ణోగ్రత 850 నుంచి 50కి దిగిందన్నది మీరు ఇచ్చిన డేటాలోనే ఉంది. ఫ్లక్స్ శిఖరాన్ని సగానికి నొక్కి పక్కలకు పరిచినా మొత్తం మారదు. నూనెను ఎంచుకునేది ఆ శిఖరం ఎత్తును బట్టి, అది ఏ ఉష్ణోగ్రత దగ్గర వచ్చిందన్న దాన్ని బట్టి. వాటి గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు. మరి ప్రయోగం వల్ల ఒరిగిందేమిటి?

క్వెంచ్‌బాత్
ఎనర్జీ బ్యాలెన్స్ బలహీనమన్నది నిజం. అది తప్పితే పద్ధతి తప్పు, ఒప్పితే ఏమీ తేలలేదు. అందుకే రెండో థర్మోకపుల్ పెట్టి, దాన్ని లెక్కలో కలపకుండా పక్కన ఉంచుకోవాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. పైతలానికి 2 మి.మీ. దగ్గరున్నదాన్ని తిరగేసి నడిమిది ఊహించి చూపిస్తారు, అద్భుతంగా కలుస్తుంది. పైతలంలో వచ్చిన మార్పు లోపలికి పోతూ దానంతటదే నునుపవుతుంది, కలవకపోతేనే ఆశ్చర్యం. అసలు పరీక్ష దీనికి ఎదురుదిశలో ఉంది. నడిమిది తిరగేసి, పైతలం దగ్గరి దాన్ని ఊహించండి.

ప్రయోగం వల్ల ఏం ఒరిగిందని అడిగారు. ఒక్క ఉదాహరణ. కరెంటు లైన్ హమ్ 50 హెర్ట్జ్ అంటాం, గ్రిడ్ మీద అది 49.9 దాకా దిగుతూ ఉంటుంది. మీ డేటా లాగర్ సెకనుకు 10 రీడింగులు తీస్తుంటే ఆ 49.9 కాస్తా 0.1 హెర్ట్జ్‌గా మారువేషం వేసుకుని వస్తుంది, అంటే 10 సెకన్లకోసారి మెల్లగా లేచి పడే అల. తిరగేసే ప్రోగ్రాంకి అది అచ్చం నిజం ఫ్లక్స్‌లాగే ఉంటుంది. మెల్లటి అల కాబట్టి రెగ్యులరైజేషన్ కూడా వదిలేస్తుంది. కృత్రిమ పేపర్లలో కలిపే గాసియన్ నాయిస్‌లో ఇది ఎప్పటికీ ఉండదు. మందు కష్టమేం కాదు. ఒక్కో రీడింగ్‌ను 20 మిల్లీసెకన్లు, అంటే లైన్ ఒక పూర్తి చుట్టు, ఇంటిగ్రేట్ చేసే లాగర్ వాడాలి. జంక్షన్ (తీగలు కలిసే కొన) షీత్‌కి, అంటే బయటి తొడుగుకి, తగలని థర్మోకపుల్ తీసుకోవాలి. తర్వాత రెసిడ్యువల్స్‌ను (కొలతకీ మోడల్ చెప్పినదానికీ మిగిలిన తేడాలను) కాలం మీద గీయాలి. వాటిలో అల కనబడిందా, మీరు వాడిన సిగ్మా (నాయిస్ ఎంతన్న అంకె) అబద్ధం, మొరొజోవ్ సూత్రంతో ఎంచిన పారామీటర్ కూడా అబద్ధమే.

మ్యాట్రిక్స్ మాస్టారు
మీరిద్దరూ ఒకే చోటికి వస్తున్నారు. కావలసింది జవాబు ముందే తెలిసిన ప్రయోగం. అది ల్యాబ్ లేని కాలేజీలోనూ చేయొచ్చు.

100 మి.మీ. చదరపు పాలిఇమైడ్ ఫిల్మ్ హీటర్ ఒకటి. దానికి అటూ ఇటూ 5 మి.మీ. మందం 304 స్టెయిన్‌లెస్ పలకలు, అదే కొలత. నడుమ థర్మల్ పేస్ట్ పలచగా, బుడగ లేకుండా. పలకల వెనకవైపు మధ్యలో థర్మోకపుల్ తీగలను నేరుగా స్పాట్ వెల్డ్ చేయండి, రంధ్రం అక్కర్లేదు. చుట్టూ ఇన్సులేషన్. హీటర్‌కి 100 వాట్లు ఇస్తే రెండు వైపులా సమానంగా 50 పోతుంది, చదరపు మీటరుకు 5,000 వాట్లు. వోల్టేజీని కరెంటుతో గుణిస్తే వచ్చేదే మీ జవాబు, అదీ థర్మోకపుల్‌తో సంబంధం లేకుండా. స్విచ్ వేస్తూ తీస్తూ చదరపు అల ఇచ్చి, వెనక రీడింగుల నుంచి రాబట్టండి.

క్వెంచ్‌బాత్
మాస్టారూ, బాగుంది, కానీ క్వెంచింగ్‌లో (వేడి లోహాన్ని ముంచి చల్లార్చడంలో) ఫ్లక్స్ చదరపు మీటరుకు మెగావాట్లలో ఉంటుంది. మీది 5 కిలోవాట్లు. పలక సెకనుకు పావు డిగ్రీ చొప్పున వేడెక్కుతుంది, నిమిషానికి 15 డిగ్రీలు. 850 దగ్గర వాహకత మారడం, నూనె ఆవిరి పొర చిట్లడం ఇందులో ఏవి?

మ్యాట్రిక్స్ మాస్టారు
లేవు, ఉన్నాయని రాయకూడదు కూడా. ఇది పరీక్షించేది కాలాన్ని. మందం వర్గాన్ని వ్యాప్తి గుణకంతో భాగిస్తే ఈ పలకకి సుమారు 6 సెకన్లు, మీ ప్రోబ్‌కి వ్యాసార్ధంతో కడితే సుమారు 10. వేడి ఆలస్యంగా, మసకబారి చేరే తీరు రెంటిలోనూ ఒకే కోవది. లీనియర్ పరిధిలో ఫ్లక్స్ ఎత్తు ముఖ్యం కాదు, సిగ్నల్‌కీ నాయిస్‌కీ నిష్పత్తి ముఖ్యం. ఇక్కడ 15 డిగ్రీలకు నాయిస్ 0.05 డిగ్రీ లోపు ఉంచితే మీ క్వెంచింగ్ కొలతకి తీసిపోదు. ఉష్ణోగ్రతతో మారే గుణాల ప్రభావాన్ని కృత్రిమ డేటాతో విడిగా చూపండి. రెండూ కలిస్తేనే పేపర్ నిలబడుతుంది.

ఒక జాగ్రత్త. సిలికాన్ రబ్బర్ హీటర్ చవగ్గా దొరుకుతుంది, వాడకండి. ఒకటిన్నర మి.మీ. మందం ఉంటుంది, స్విచ్ వేయగానే ముందు తాను వేడెక్కుతుంది. పలకలోకి పోయే ఫ్లక్స్ చదరపు అల కాకుండా గుండ్రబడిపోతుంది. మీ పద్ధతి సరిగ్గా చెప్పినా తప్పు చెప్పినట్టు కనబడుతుంది.

తొలిపేపర్
సర్, పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. ఏ జర్నల్‌కి ఏది పంపాలో, ఏం జత చేయాలో కూడా చెప్పండి.

మ్యాట్రిక్స్ మాస్టారు
ముందు తొందర తగ్గించుకో బాబూ. 2022 యూజీసీ నిబంధనల్లో థీసిస్‌కి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతు తీసేశారు. మీ యూనివర్సిటీ సొంత నియమం ఏముందో కనుక్కో. డబ్బు కట్టించుకుని వారంలో అచ్చేసే చోటికి ఆ భయంతో పోవద్దు.

జవాబు ఏకైకమా, ఎంత వేగంగా కన్వర్జ్ అవుతుంది అన్న గణితం నీ బలమైతే, 1985 నుంచి వస్తున్న ‘ఇన్వర్స్ ప్రాబ్లమ్స్’ లాంటి పత్రికలు. అక్కడ ప్రయోగం అడగరు, రుజువు అడుగుతారు. నీ బలం నూనె, ప్రోబ్, ఫ్లక్స్ అయితే హీట్ ట్రాన్స్‌ఫర్ పత్రికలు. అక్కడ కొలత లేకుండా వెళ్లకు. రెంటి మధ్యలో నిలబడ్డ పేపరే రెండు చోట్లా తిరిగొస్తుంది.

క్వెంచ్‌బాత్
జత చేయాల్సింది నేను చెప్తాను. లాగర్ నుంచి వచ్చిన రీడింగులను ఏమాత్రం నునుపు చేయకుండా జెనోడో అనే ఆన్‌లైన్ డేటా భండారంలో పెట్టి డీఓఐ (శాశ్వత గుర్తింపు సంఖ్య) తీసుకోండి. ముందే నునుపు చేసిన డేటా ఇస్తే అసలు రెగ్యులరైజేషన్ అక్కడే దొంగచాటుగా జరిగిపోయినట్టు, ఎవరూ సరిచూడలేరు. ముంచకముందు, కొలిమిలో నిలకడగా ఉన్నప్పటి 30 సెకన్ల రీడింగులూ అందులో ఉండాలి, సిగ్మా అక్కడి నుంచే వస్తుంది.

ఉష్ణవాహి
ఇంత చర్చ తర్వాత నా మాట మార్చుకుంటున్నా. పద్ధతి పేపర్‌కి క్వెంచింగ్ ప్రయోగం అక్కర్లేదనే ఇప్పటికీ అంటాను, కానీ మాస్టారు చెప్పిన పలకల పరీక్ష లేకపోతే రివ్యూయర్‌గా నేనూ వెనక్కి పంపుతాను. ఒక్క సందేహం మిగిలింది. క్వెంచ్‌బాత్ గారూ, సొంతంగా చేయించుకున్న ప్రోబ్‌లో థర్మోకపుల్ స్థానం 0.3 మి.మీ. లోపు తెలుసని ఎలా చెప్పగలం? 60 మి.మీ. పొడవున్న కడ్డీలో 30 మి.మీ. లోతుకి సన్న రంధ్రం వేస్తే డ్రిల్ పక్కకి జారుతుంది.

క్వెంచ్‌బాత్
జారుతుంది, తప్పదు. డ్రాయింగ్‌లోని కొలత పేపర్లో రాయకండి. ప్రయోగాలన్నీ అయ్యాక కడ్డీని థర్మోకపుల్ కొన ఉన్న చోట అడ్డంగా కోయించి, మెరుగు పెట్టి, మైక్రోస్కోప్ కింద రంధ్రం కేంద్రం ఎక్కడుందో కొలవండి. కోయడానికి మనసొప్పకపోతే ఒకదానికొకటి లంబంగా రెండు ఎక్స్‌రేలు తీయించండి. వచ్చిన అంకెతో లెక్క మళ్లీ నడిపి, రెండు ఫ్లక్స్ గీతలూ ఒకే బొమ్మలో పెట్టండి.