గేమింగ్ కంప్యూటర్‌లో ఎస్‌ఎంపీఎస్ మీద 3,000 ఎక్కువ పెట్టడం దండగా?

గుణదల కుర్రాడు: బడ్జెట్ 70,000. గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో కొటేషన్ తీసుకున్నాను. ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు, 65 వాట్ల తరగతి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 600 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలన్నిటికీ కరెంటు అందించే పెట్టె). ఆ చివరిదాని కంపెనీ పేరు ఎప్పుడూ వినలేదు. పేరున్నది కావాలంటే ఇంకో 3,000 అవుతుందట. ఆ డబ్బు ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే వేగమైన డిస్కు) మీద పెట్టుకోమని మా బావ అంటున్నాడు. ఏం చేయమంటారు?

వోల్టుమీటర్: బావగారి మాట పక్కన పెట్టండి. ఎస్‌ఎంపీఎస్ మీద అంటించిన లేబుల్‌లో 12 వోల్టుల గడి చూడండి. ఎన్ని ఆంపియర్లు?

గుణదల కుర్రాడు: 24.

వోల్టుమీటర్: 12ను 24తో హెచ్చవేస్తే 288 వాట్లు. మరి 600 ఎక్కడిది? కార్డుకూ ప్రాసెసర్‌కూ కరెంటు వచ్చేది ఆ 12 వోల్టుల లైను నుంచే. మిగతా లైన్లలో ఎంత ఉందని రాసుకున్నా మీ ఆటకు పనికిరాదు.

బ్రాడీపేట అసెంబ్లర్: లెక్క మొదలుపెట్టినవారు చివరిదాకా చేయాలి. 4060కి కంపెనీ చెప్పినది 115 వాట్లు. ప్రాసెసర్‌కు ఒక వంద వేసుకోండి. బోర్డు, ఫ్యాన్లు, డిస్కు కలిపి ఇంకో 50 వేసుకోండి. 265. సరిపోలేదా? పిల్లవాడిని ఎందుకు భయపెడతారు?

వోల్టుమీటర్: అంచు మీద నడిపిస్తారన్నమాట. కార్డు రెప్పపాటులో తన వాటేజీ దాటి లాగుతుంది, ఆ విసురు తట్టుకోవాలి. ఓవర్ కరెంట్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు లోపల ఉన్నాయో లేదో దేవుడికే తెలియాలి. కనీసం 80 ప్లస్ ముద్ర అయినా లేదు.

బ్రాడీపేట అసెంబ్లర్: వచ్చేసింది 80 ప్లస్! అది నాణ్యత ముద్ర కాదండీ. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వృథా కాకుండా లోపలికి అందుతుందో చెప్పే కొలత, అంతే. 115 వోల్టుల పరీక్షలో సగం లోడు మీద బ్రాంజ్ గ్రేడుకు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం. అదీ 23 డిగ్రీల వేడిలో. మే నెల బెజవాడలో 23 డిగ్రీలు ఐస్‌క్రీం దుకాణంలో దొరకాలి.

వోల్టుమీటర్: ఉంటే చాలు అనలేదు, కనీసం అదైనా లేదన్నాను. చదివి జవాబివ్వండి. 45 డిగ్రీల ఊళ్లో నడిపేటప్పుడు ఇంకా ఎక్కువ మిగులు ఉండాలి కదా? మీ వాదన నాకే పనికొచ్చింది.

లబ్బీపేట మాస్టారు: ఇంటర్ అయిందా బాబూ?

సింగ్‌నగర్ వాసి: ఏది కొన్నా నేల మీద మాత్రం పెట్టకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు మాది గోల్డ్ ముద్ర ఉన్నదే మునిగింది. నీళ్లకు వారంటీ వర్తించదన్నారు.

బ్రాడీపేట అసెంబ్లర్: విన్నారా, గోల్డ్ కూడా పోయింది.

వోల్టుమీటర్: వరదకూ దీనికీ సంబంధం ఏమిటండీ?

బ్రాడీపేట అసెంబ్లర్: ఈ రకం ఎస్‌ఎంపీఎస్‌లు ఎన్ని ఆఫీసుల్లో బిగించానో లెక్కే లేదు. అన్నీ నడుస్తున్నాయి.

వోల్టుమీటర్: ఆఫీసు కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉంటుందా? నాకూ ఇలాగే ‘నడుస్తుంది సార్’ అన్నారు. ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం అది పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది. దుకాణానికి వెళితే మీ ఇంట్లో కరెంటు హెచ్చుతగ్గులన్నారు. బోర్డు కంపెనీవారేమో బిల్లు మీద సీరియల్ నంబర్ ఏదన్నారు. బిల్లులో ఉన్నది ‘కంప్యూటర్ సెట్టు - 1’.

బ్రాడీపేట అసెంబ్లర్: అలా చెప్పండి! మీ కోపం ఎస్‌ఎంపీఎస్ మీద కాదు, మా దుకాణాల మీద. మా వైపు కూడా వినండి. గంటసేపు కూర్చుని ఏ బోర్డుకు ఏ ర్యామ్ పడుతుందో, 8 జీబీవి రెండెందుకు వేయాలో అన్నీ కాగితం మీద రాయించుకుంటారు. ఆ కాగితం చూసి ఆన్‌లైన్‌లో కొంటారు. పెట్టెలన్నీ మళ్లీ మా బల్ల మీదికే తెచ్చి ‘అన్నా, కాస్త బిగించి పెట్టు’ అంటారు. మా దగ్గరే కొనేవారిలో కూడా చాలామంది మొదట అడిగేది బిల్లు లేకుండా ఎంతకిస్తారనే. 18 శాతం జీఎస్‌టీ మిగలాలి, సీరియల్ నంబర్లూ ఉండాలి. ఎలా కుదురుతుంది?

వోల్టుమీటర్: నేను అలా అడగలేదు.

బ్రాడీపేట అసెంబ్లర్: మరి ‘సెట్టు - 1’ కాగితం జేబులో పెట్టుకుని ఇంటికెలా వెళ్లారు?

వోల్టుమీటర్: మాట మార్చకండి. కొనేవాడు కార్డు పేరు చూస్తాడు, ప్రాసెసర్ పేరు చూస్తాడు, రంగుల లైట్లు చూసి మురిసిపోతాడు. అతను చూడని చోట మీరు కోత పెడతారు.

బ్రాడీపేట అసెంబ్లర్: పెట్టకపోతే రెండు వేలు తక్కువని పక్క దుకాణానికి వెళతాడు. నా పిల్లల ఫీజులు మీరు కడతారా?

తెనాలి గేమర్: అసెంబ్లర్ గారూ, మీ ఇంటి కంప్యూటర్‌లో ఏది వేసుకున్నారు?

బ్రాడీపేట అసెంబ్లర్: 550 వాట్లు. గోల్డ్. అది వేరే సంగతి.

వోల్టుమీటర్: వేరే సంగతట!

కానూరు ఎలక్ట్రీషియన్: ఇంత గొడవలో ఎర్తింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. మూడో పిన్నుకు ఎర్త్ లేకపోతే ఎంత ఖరీదైనది వేసినా క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటుంది. లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల నుంచి లీకయ్యే కరెంటు పోవడానికి దారి ఉండదు. ముందు మీ ఇంటి ప్లగ్గు చూపించుకోండి.

గుణదల కుర్రాడు: పేరున్నదే తీసుకుంటానని ఫోను చేశాను. ప్రతి భాగం సీరియల్ నంబర్ బిల్లులో రాయాలన్నాను. అలా అయితే జీఎస్‌టీ అదనం అన్నారు. అంటే ముందు చెప్పిన ధరలో పన్ను కలపనే లేదు.

బ్రాడీపేట అసెంబ్లర్: గుంటూరు రండి తమ్ముడూ, నంబర్లన్నీ రాసి పక్కా బిల్లు ఇస్తాను. ఎస్‌ఎంపీఎస్ మీకు నచ్చినదే. బిగింపు కూలి మాత్రం విడిగా.

వోల్టుమీటర్: ఎంత?