మరణశిక్ష రద్దు: హంతకుడి హక్కులేనా, చచ్చిపోయినవాళ్ళ సంగతేంటి?

విశాల
మరణశిక్ష రద్దు కావాలనేవాళ్ళు ప్రతిసారీ జీవించే హక్కు అంటారు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలో మూడో అధికరణం ఆ హక్కు అందరికీ ఉందంటుంది. సరే, ఒప్పుకున్నా. ముందు ఆ హక్కును కాలరాసింది ఎవరు? ఎదుటి మనిషి ప్రాణం తీసినవాడు తన మెడ దగ్గరికొచ్చేసరికి అదే హక్కు అడగడం ఏం న్యాయం? డొంకతిరుగుడు లేకుండా చెప్పండి.

రామ్మూర్తి కె.
విశాల గారూ, సూటిగానే చెబుతాను. మంచివాళ్ళకు మాత్రమే ఉండేదాన్ని హక్కు అనరు. అంతకన్నా నాకు ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. కోర్టులు పొరబడతాయి. ఇంగ్లండ్‌లో తిమోతీ ఎవాన్స్ అనే అతను సొంత పసికూనను చంపాడని 1950లో ఉరి తీశారు. ఆ కేసులో అతనికి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పింది అదే ఇంట్లో కింది వాటాలో ఉండే జాన్ క్రిస్టీ. వరస హత్యలు చేసింది ఆ క్రిస్టీయేనని మూడేళ్ళకు బయటపడింది. ఎవాన్స్‌కు 1966లో క్షమాభిక్ష ఇచ్చారు, ఎవరికిచ్చినట్టు?

జపాన్‌లో ఇవావో హకమాదాకు 1968లో మరణశిక్ష వేశారు. అతనివేనని చూపించిన నెత్తుటి బట్టలు హత్యలు జరిగిన ఏడాది దాటాక సోయా ముద్ద పులియబెట్టే తొట్టిలో దొరికాయి. అన్నాళ్ళు అందులో నానినా మరకలు ఎర్రగానే ఉన్నాయి! అవి కావాలని పెట్టిన సాక్ష్యాలేనని 2024లో కోర్టు తేల్చి, నిర్దోషి అంది. అప్పటికి ఆయనకు 88 ఏళ్ళు.

పాతకాపు
ఆ జపాన్ ఆయన్ని ఉరి తీయలేదు కదా. అంటే పునర్విచారణ పనిచేసినట్టే. అసలు తేలాల్సింది ఒకటే: ఉరి ఉంటే హత్యలు తగ్గుతాయా, లేదా?

రామ్మూర్తి కె.
కెనడా 1976లో హత్యలకు మరణశిక్ష ఎత్తేసింది. తర్వాత హత్యల రేటు పెరగలేదు, తగ్గింది. అమెరికాలో జాతీయ పరిశోధనా మండలి 2012లో అంతవరకూ వచ్చిన అధ్యయనాలన్నీ పరిశీలించి, వీటిని పట్టుకుని విధానాలు నిర్ణయించకూడదని చెప్పింది.

పాతకాపు
ఆ నివేదికే మీకు అడ్డం తిరుగుతుంది. ఉరి హత్యల్ని పెంచుతుందో, తగ్గిస్తుందో, ఏ ప్రభావమూ లేదో ఆ అధ్యయనాల వల్ల తెలియదని అది చెప్పింది. "తగ్గించదు" అని ఎక్కడ తేల్చింది? ఇక కెనడాలో తగ్గిందంటారా, ఉరి ఎత్తేయడం వల్లే తగ్గిందని రుజువేమిటి?

సంధ్య
దొరికిపోతానని తెలిస్తే చాలామంది ఆగిపోతారు. ఉరా, జైలా అని లెక్క వేసుకుని చంపేవాళ్ళు ఎంతమంది?

పాతకాపు
అభిప్రాయాలు వద్దండీ. రుజువు చూపించండి.

రామ్మూర్తి కె.
ప్రాణం తీసే అధికారం అడుగుతున్నది ప్రభుత్వం. పనిచేస్తుందని రుజువు చేయాల్సిన బాధ్యత అడిగినవాళ్ళదే. నేనెందుకు చూపించాలి?

విశాల
మీ లెక్కలు ఆపండి ఇక. నా తమ్ముణ్ణి చంపినవాడికి యావజ్జీవం పడింది. కేసు కాగితాల మీద ఏముంటుందో చూశారా? ఒకపక్క ప్రభుత్వం, ఇంకోపక్క వాడి పేరు. వాయిదా ఉన్న ప్రతిసారీ బంట్రోతు బయటికొచ్చి వాడి పేరే మూడుసార్లు కేకేసేవాడు. అమ్మ వరండాలో గోడకు ఆనుకుని నిలబడేది. ఏమ్మా, ఎందుకొచ్చావని అడిగిన దిక్కు లేదు. కొన్నాళ్ళకు సత్ప్రవర్తన అని వాణ్ణి వదిలేశారు. మాకు ఉత్తరం ముక్క రాలేదు. వాణ్ణి దారిలో చూసిన బంధువు ఫోన్ చేస్తే తెలిసింది. హక్కుల సంఘాలవాళ్ళు జైలుకెళ్ళి ఖైదీల బాగోగులు కనుక్కుంటారు. మా గుమ్మం తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు.

సంధ్య
అయ్యో విశాలా. చాలా బాధగా ఉంది.

రామ్మూర్తి కె.
మీ తమ్ముడి విషయం విని నాకూ కష్టంగా ఉంది. కానీ ఒక మాట చెప్పక తప్పదు. శిక్షను ప్రభుత్వం చేతిలో పెట్టింది ఊరికే కాదు. అది కుటుంబానికి చెందిందనుకుంటే ఎక్కడికి పోతుందో ఇరాన్‌లో చూడండి. అక్కడ హతుడి వారసులు ఉరి కోరవచ్చు, రక్తపరిహారం పుచ్చుకుని క్షమించనూ వచ్చు. డబ్బున్న హంతకుడు ప్రాణం కొనుక్కుంటాడు.

విశాల
మా అమ్మ డబ్బుకి ఒప్పుకుంటుందంటున్నారా?

రామ్మూర్తి కె.
నేను అలా అనలేదు. పద్ధతి గురించి చెప్పాను.

విశాల
అన్నారు. ఇక్కడ అందరికీ కనబడుతోంది. చచ్చిపోయింది నా తమ్ముడు, మీకేమో అది ఉదాహరణ!

నిర్వాహకుడు
ఇద్దరూ కాస్త శాంతించండి. వ్యక్తిగతంగా వెళ్తే ఈ చర్చకు తాళం వేయాల్సి వస్తుంది.

శ్రీధర్
బాధితుల కుటుంబాలన్నీ ఉరే కోరవు. రాజీవ్ గాంధీ హత్య కేసులో నళినికి ఉరి వద్దని సోనియా గాంధీయే కోరారు. 2000లో యావజ్జీవంగా మార్చారు.

విశాల
ఆవిడ మాట విన్నారు, శ్రీధర్ గారూ. మా అమ్మను అడిగిందెవరు? పైగా ఆ కేసులో నళినితో సహా జైల్లో మిగిలినవాళ్ళందర్నీ 2022లో సుప్రీంకోర్టు వదిలేసింది. యావజ్జీవం అంటే చివరికి ఇదే కదా? రామ్మూర్తి గారూ, ఉరి వద్దంటే మరి దాని బదులు ఏమిటి?

రామ్మూర్తి కె.
ఉంది. మధ్యలో విడుదల లేకుండా జీవితాంతం జైలు వేసే అధికారం హైకోర్టులకు, తమకు ఉందని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2015లో చెప్పింది.

పాతకాపు
రాజ్యాంగంలోని 72, 161 అధికరణాల కింద రాష్ట్రపతికి, గవర్నరుకు ఉన్న క్షమాభిక్ష అధికారం అలాగే ఉంది. ఇంకో సంగతి. విడుదలయ్యే ఆశగానీ సమీక్షగానీ లేని యావజ్జీవం మానవ హక్కుల ఉల్లంఘనేనని యూరప్ మానవ హక్కుల కోర్టు 2013లో బ్రిటన్ ఖైదీల కేసులో తీర్పిచ్చింది. ఇవాళ ఉరి వద్దంటారు, రేపు జీవితాంతం జైలూ వద్దంటారు.

విశాల
రామ్మూర్తి గారూ, అవునో కాదో చెప్పండి. చచ్చేదాకా జైలు, మధ్యలో ఎవరూ వదలకూడదు. ఒప్పుకుంటారా?

రామ్మూర్తి కె.
ఒప్పుకోను. రేపు సాక్ష్యం దొంగదని తేలితే బయటికి రావడానికి దారి ఉండాలి. నిజంగా నేరం చేసినవాడి కేసు కూడా పాతికేళ్ళ తర్వాత ఒకసారి చూడాలనే అంటాను. వదిలి తీరాలని అనడం లేదు, చూడాలంటున్నాను. అక్కడ మీ అమ్మగారికి కుర్చీ వేయాలి, ఆమె మాట రికార్డుకెక్కాలి. ముందుగా నోటీసు ఇవ్వకుండా ఎవర్నీ వదలకూడదు.

విశాల
ఇదీ మీ అసలు మాట. ఇంతసేపూ ఇంగ్లండ్, జపాన్ అని తిప్పారు. వాడి నెత్తురు కళ్ళజూడాలని నాకేం లేదు. ఇక అయిపోయిందని తెలియాలి, అంతే. మీ సమీక్ష ఉన్నంతకాలం మాకు టెన్షనే. కుర్చీ వేసినంత మాత్రాన అమ్మకు నిద్ర పడుతుందా?

రామ్మూర్తి కె.
ఉరిశిక్ష వేసినా అయిపోదండీ. హైకోర్టు ధ్రువీకరణ, సుప్రీంకోర్టులో అప్పీలు, రివ్యూ పిటిషన్, అదీ పోతే ఆఖరుగా క్యురేటివ్ పిటిషన్, క్షమాభిక్ష. ఏళ్ళ తరబడి సాగుతుంది. ప్రధానంగా క్షమాభిక్ష అర్జీలు తేల్చడంలో జాప్యం వల్లే 2014లో సుప్రీంకోర్టు ఒకే తీర్పుతో 15 మంది ఉరిని యావజ్జీవం చేసింది. ఆ కుటుంబాలు ఎన్నేళ్ళు ఎదురుచూశాయో ఆలోచించండి.

పాతకాపు
అయితే ఆలస్యం తగ్గించమని అడగండి.

రామ్మూర్తి కె.
ఎవాన్స్ కేసులో ఆలస్యం లేదు. హత్య నవంబరులో, విచారణ జనవరిలో, ఉరి మార్చిలో.

విశాల
మా కేసులో వాడు చంపలేదని వాడి లాయరు కూడా అనలేదు. నేనడిగేది అలా అనుమానమే లేని కేసుల గురించి.

రామ్మూర్తి కె.
అనుమానం లేదని ఎవరు తేలుస్తారు? ఎవాన్స్‌ది కూడా అనుమానం లేని కేసేనని ఆ జూరీ అనుకుంది.

విశాల
యావజ్జీవం వేసేటప్పుడు తేలుస్తున్న జడ్జీలే తేలుస్తారు. వాళ్ళ మాట నమ్మి ఒక మనిషిని పాతికేళ్ళు లోపల పెట్టడానికి మీకు అభ్యంతరం లేదు. ఉరి దగ్గరికొచ్చేసరికి వాళ్ళను నమ్మలేమంటున్నారు. మరి మా కేసులో న్యాయం జరిగిందని నన్ను ఎవరి మాట మీద నమ్మమంటారు?